ఒక్క మెతుకు

"బట్టలిప్పి ఎగిరినదానికి బతుకు కథ ఒకటి!" అన్నాడు వెంకటయ్య మైకులో.

హాలు గొల్లున నవ్వింది.

రామన్నపేటలో చందాలతో నడిచే పఠన మందిరంలో ఆ ఆదివారం మధ్యాహ్నం పాఠకుల సభ జరుగుతోంది. వెంకటయ్య రిటైరైన పంతులు, సభకు అధ్యక్షుడు. పుస్తకం పేరు 'నేను ఆడిన జాతర్లు'. రికార్డింగ్ డ్యాన్సులో గడిచిన బతుకు అది. అట్ట మీద రజని అనే పేరు తప్ప ఫోటో లేదు, ఊరు లేదు.

మూడో వరుసలో కూర్చున్న మల్లీశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పుస్తకంలో ప్రతి అక్షరం ఆమె చేత్తో రాసిందే. ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చింది ఆమెకే. గొర్రెలు దొడ్డికి చేరాక, మొగుడు గుర్వయ్య ఎదురుగా కూర్చుని ఉండగా, ఏడుస్తూ రాసింది.

ఈ సభలో పేరు బయట పెడదామనే ఇద్దరూ వచ్చారు. పొద్దున ఆమె పెట్టె అడుగునున్న చిలకల పట్టుచీర తీసి కట్టుకుంటే, కుచ్చిళ్ళు గుర్వయ్యే సర్దాడు. ఆయన చేతిలో కుచ్చిళ్ళు చెప్పినట్టు వింటాయి.

"ఇయ్యాల దాస్తే ఇగ సచ్చేదాక దాసుడే," అన్నాడప్పుడు. ఇప్పుడా మనిషి తలే ఎత్తడం లేదు. తెల్ల మీసాల చాటున పెదవి కొరుక్కుంటున్నాడు.

మహిళా సంఘం కౌసల్య లేచింది. "పొట్ట కోసం ఆడిన అని రాసుకున్నది. మేము పొట్ట కోసం కూలికి పోతలేమా? గిట్ల నడుములు ఊపుతున్నమా?"

చప్పట్లు మోగాయి.

"బొమ్మలన్న లేకపాయె, ఏం సదువుతం!" అన్నాడు వెనకనుంచి ఒకడు. దానికి ఇంకా ఎక్కువ మోగాయి.

మల్లీశ్వరి పళ్ళు నూరింది. పుస్తకంలో బట్టలిప్పిన మాటే లేదు. జట్టులోని ఆడపిల్లలు డ్రెస్సులు మార్చుకునే డేరాలోకి రజని ఎన్నడూ అడుగు పెట్టలేదనే ఉంది. గొర్రెలు రోగమొచ్చి చచ్చిన ఏడు ఉంది. అవ్వ దవాఖాన ఉంది. స్టేజి కింద నుంచి పైట పట్టి గుంజిన చేతులున్నాయి. ఒక్క సంగతీ ఎవరి నోటా రాలేదు. అయినా అభిప్రాయం చెప్పడానికి చదవడం ఎందుకు, నోరుంటే చాలు కదా.

వెంకటయ్య చెయ్యెత్తాడు. "నేను జన్మల రికార్డింగ్ డ్యాన్సు దిక్కు కన్నెత్తి చూసినోణ్ణి గాదు. గసొంటి ఆడిది రాసిన పుస్తకం మన పిల్లలు తిరిగే జాగల ఉండొద్దు. తీసి పారేద్దామని తీర్మానం పెడుతున్న. ఆమెది మన దిక్కేనట. సిగ్గుంటే వచ్చి నా ముంగట నిలబడుమనుండ్రి!"

గుర్వయ్య లేవబోయాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూసి మళ్ళీ కూలబడ్డాడు.

"పోదాం పా," అన్నాడు.

ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక మల్లీశ్వరి ఇక ఆగలేదు. విసవిసా నడిచి వెళ్ళి, వెంకటయ్య ముందున్న పుస్తకాన్ని తీసుకుంది.

"సారూ, మీరు గిది ఆఖరుదాక సదివిండ్రా?"

"అన్నం ఉడికిందా లేదా అని కుండంత పిసుకుతమా? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా?"

మళ్ళీ నవ్వులు. మల్లీశ్వరి పుస్తకం చివర తెరిచి అందరికీ చూపించింది. చౌకగా వేసిన అచ్చు. ఆఖరి పేజీలు అంచులు తెగక మడతల్లోనే ఉన్నాయి.

"ఆఖరి పాఠం మడత గూడ ఎవ్వలూ కొయ్యలే. తీర్పు చెప్పనీకె మాత్రం అందరొచ్చిండ్రు!"

పుస్తకాలు చూసుకునే సుమన తల దించుకుంది.

"నువ్వెవరమ్మా నడుమ?" అంటూ కళ్ళజోడు సర్దుకున్న వెంకటయ్య చూపు ఆమె కొంగు దగ్గర ఆగిపోయింది. నీలం పట్టు మీద ఎర్ర చిలకల బారు. అన్నీ కుడికి చూస్తుంటే ఒక్క చిలక మాత్రం ఎడమకు తిరిగి ఉంది. పుట్టపాక మగ్గం మీద జరిగిన పొరపాటు అది. అలాంటి చీర ఇంకోటి ఉండదు.

"గీ చీర... నీకెక్కడిది?"

"యాదికొచ్చిందా సారూ? ఆఖరి పాఠం గదే. చెర్వుగట్టు జాతరల, ఆట అయిపోయినంక, ఒక పోరడు స్టేజి ఎన్కకొచ్చి రజని కాళ్ళ మీద పడ్డడు. రేపే యాదగిరిగుట్టకు పోదాం, తాళి కడత అని గీ చీర చేతుల పెట్టిండు. రజని నోరు ఇప్పలే. తల అడ్డంగ ఊపుడే. గా పోరడు ఏడ్సుకుంట పోయిండు. పుస్తకంల పోరని పేరు రాయలే. పెద్దమనిషి అయిండు గద, ఇజ్జత్ పోతదని."

వెంకటయ్య ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మైకు పక్కకు తిప్పి గొంతు తగ్గించాడు.

"నువ్వేనా రజనీ? గప్పుడు ఒక్క మాట అనకపోతివి. ఇన్నేండ్లకు ఇంతమందిల నా పరువు తీస్తవా?"

మూడో వరుసలో గుర్వయ్య లేచి నిలబడ్డాడు. ఈసారి కూలబడలేదు.

మల్లీశ్వరి మైకును తన వైపు తిప్పుకుంది.

"నేను గాదు సారూ, మీరు కాళ్ళ మీద పడి, తాళి కడతనని గీ చీర ఇచ్చింది అగో, ఆడ మీసాలతోని నిలబడ్డ మా ఆయనకు!"