చీకటి నిమిషం

“చీకటి లేదంటే లేదు! నా దగ్గర డిస్క్ ఉంది. యాభైసార్లు చూశాను,” అన్నాడు డిస్కాయన.

“మీరు డిస్కులో చూశారు. మా ఊరు హాల్లో చూసింది,” అంది ఆ హాలు పాత ఆపరేటరు మనవరాలు ఏమాత్రం తగ్గకుండా.

హాలు తలుపులు ఇంకా తెరవలేదు. ఉదయం ఆటకే వరండా కిక్కిరిసిపోయింది. నలభై ఏళ్ళ కిందటి దయ్యం సినిమాను మళ్ళీ తీశారు. ఇవాళే విడుదల. అభిమానుల గ్రూపులో ఆరు నెలలుగా ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నవాళ్ళంతా ఎదురుపడి, “ఓహో, మీరేనా!” అని చేతులు కలుపుకుంటున్నారు.

గొడవంతా ఒక్క సీను మీద. పాత సినిమాలో ఇంటర్వెల్ తరువాత కథానాయిక మేడ మీది గది తలుపు తోస్తుంది. తలుపు కిర్రుమంటుంది. వెంటనే తెరంతా చీకటి. ఒక నిమిషం పాటు బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఆ తరువాత దయ్యం మొహం! ఈ ఊళ్ళో యాభై దాటిన ఎవరినడిగినా ఆ చీకటి గురించి కథలు కథలుగా చెబుతారు. పై ఊళ్ళవాళ్ళు మాత్రం అలాంటిదేమీ లేదంటారు.

“మీ ఊరంతా కలిసి కలగన్నారు” అని డిస్కాయన గ్రూపులో రాసిన రోజు మనవరాలికి అన్నం సయించలేదు. ఈ ఊళ్ళోనే పెరిగి కొత్త సినిమా తీసినాయన, “చిన్నప్పుడు చూసింది చూసినట్టు తీశాను” అని చెప్పాడు కదా, సరే, అందులో చీకటి లేకపోతే తనదే అబద్ధమని అందరి ముందూ ఒప్పుకుని గ్రూపు వదిలేస్తానని పంతం పట్టింది. ఆ గ్రూపు పెట్టిందే తను.

“ఇదిగో నా సాక్షి,” అని తాతయ్యను ముందుకు లాగింది. “ఈ హాల్లోనే ముప్పై ఏళ్ళు ఆపరేటరు. చెప్పు తాతయ్యా, చీకటి ఉందా, లేదా?”

“ఉంది,” అన్నాడు తాతయ్య. గొంతు సవరించుకున్నాడు. “ప్రతి ఆటకీ ఉంది.”

“బాగా గుర్తుందా పెద్దాయనా?” అన్నాడు డిస్కాయన.

“గుర్తుండకేం బాబూ! అప్పట్లో ఇలా మీట నొక్కి కూర్చుంటే అయ్యేది కాదు. పైన రెండు మెషిన్లు. ఒకదాంట్లో రీలు అయిపోగానే, బొమ్మ ఆగకుండా రెండోది అందుకోవాలి. గదిలోంచి కదలడానికే ఉండేది కాదు.”

అలా అంటూనే చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆయనకు చెమటలు పడుతున్నాయి. తన మాట నమ్ముకుని పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుందేమోనని ఆయన బెంగ.

డిస్కాయన, తాతయ్య పక్కనే నిలబడ్డ అమ్మమ్మ వైపు తిరిగాడు. “పోనీ, మీరు చెప్పండమ్మా.”

“నన్నడిగితే ఏం చెప్పను నాయనా! పెళ్ళికి ముందు నేను ఆ టికెట్ల కిటికీ వెనకాల కూర్చునేదాన్ని. ఒక్కసారైనా లోపలికెళ్ళి ఆ సినిమా చూస్తే ఒట్టు. గోడకవతల జనం గోలగోలగా అరిచేవాళ్ళు, నేనేమో ఇవతల హాయిగా పిప్పరమెంటు చప్పరించేదాన్ని.”

“ఇప్పటికీ అదే పిచ్చి,” అంది మనవరాలు. తాతయ్య చొక్కా జేబు ఒకసారి తడిమి చూసుకున్నాడు.

తలుపులు తెరిచారు. ఇంటర్వెల్ దాకా హాలంతా విమర్శకులే. “పాత దయ్యం ముందు ఈ దయ్యం దిగదుడుపే,” అని ఒకడంటే, “నువ్వు పాత దయ్యానికి మేనల్లుడివా? నోర్మూసుకుని చూడు,” అని ఇంకొకడు. హాలు గొల్లుమంది.

ఇంటర్వెల్ అయింది. కథానాయిక మేడ ఎక్కింది. హాల్లో మాటలు ఆగిపోయాయి. మనవరాలు రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. తలుపు కిర్రుమంది.

తెర ఆరిపోయింది.

“కరెంటు పోయినట్టుంది,” అన్నాడు డిస్కాయన ఆశగా.

పది సెకన్లు. ఇరవై. వెనక వరసలో ఎవరో పెద్దావిడ, “ఇదేనర్రా... ఇదే!” అంది. ఆ చీకట్లోనే తాతయ్య చెయ్యి జేబులోకి పోయి, అక్కణ్ణుంచి పక్క సీటును వెతుక్కుంటూ వెళ్ళింది. అమ్మమ్మ గుప్పిట్లో కాగితం చప్పుడు సన్నగా వినిపించింది.

అప్పుడు వచ్చింది మొహం!

హాలు దద్దరిల్లిపోయింది. డిస్కాయన ఎగిరి తాతయ్య ఒళ్ళో పడ్డాడు. మనవరాలు మాత్రం లేచి నిలబడి, ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

సినిమా చివర తెర మీద నాలుగు ముక్కలు కనిపించాయి: ‘ఎనిమిదేళ్ళప్పుడు ఈ చీకట్లో అమ్మ చెయ్యి పట్టుకున్నాను. సినిమాలు తీయాలని ఆ నిమిషంలోనే అనుకున్నాను. ఆ చీకటిని సృష్టించిన మహానుభావుడికి నమస్కారం.’

వరండాలో డిస్కాయన మనవరాలికి నిండుగా దణ్ణం పెట్టాడు. “ఓడిపోయాను తల్లీ! మా డిస్కులో ఆ ముక్క కోసేసి ఉంటారు.” ఆ పక్కనే అభిమానులు చర్చ మొదలుపెట్టారు. ఆ చీకటి మరణమని ఒకరు, మనిషి మనసు లోతని ఇంకొకరు.

“పాత డైరెక్టరు ఎంత గొప్పవాడు తాతయ్యా! అసలు ఆ నిమిషం ఎందుకు పెట్టాడంటావు?”

“పెద్దవాళ్ళ ఆలోచనలు మనకెలా తెలుస్తాయే?” అని తాతయ్య దగ్గాడు. మనవరాలు ఫొటోలు దిగడానికి పరుగెత్తింది.

అమ్మమ్మ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని, మూసి ఉన్న టికెట్ల కిటికీ వైపు ఒకసారి చూసి, మొగుడి చెవిలో గుసగుసగా అంది.

“అప్పట్లో ఇది ఇవ్వడానికే కదా, మెషిన్ వదిలేసి మెట్లు దిగి వచ్చేవారు!”