ఇసుక కింద తొమ్మిది సీసాలు

"అమ్మగారున్నారా బాబూ?"

టెక్కలిలో, మిట్టమధ్యాహ్నం, కామేశ్వరరావు గడప ముందు ఒక ముసలివాడు నిలబడ్డాడు. ఎండకు వాడిన ముఖం. ఉప్పుకు పగిలిన పాదాలు.

"అమ్మ పలాస వెళ్లింది. నువ్వెవరు?"

"బైరాగంటారు. నౌపడ నుంచి వచ్చినాను." పెరటి పందిరి వైపు చూశాడు. "ద్రాచ్చతీగ ముదిరిపోనాది. నాలాగే."

"ఏం కావాలి?"

"దాని కాపు పులియబెట్టి సేసిన ఎర్ర వైను. కొట్టుగదిలో, ఉత్తరం గోడ కింద, తడి ఇసకలో తొమ్మిది సీసాలు పడుకున్నాయి. ఎనిమిదేళ్లు నిండినాయి. ఒక్క గుక్క రుచి సూసి ఎలిపోతాను."

కామేశ్వరరావు వీధిలోకి అటూ ఇటూ చూశాడు.

అది తొంభై ఆరో సంవత్సరం. రాష్ట్రమంతటా మద్యనిషేధం. ఇంట్లో సీసా దొరికిందని కిందటి వారమే అతని ఆఫీసులో ఒక గుమస్తాను సస్పెండు చేశారు. పోయిన తండ్రి దాచిన ఆ సీసాల సంగతి ఇంటివాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు.

"నీకెవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి బాబూ?"

ఎక్సైజు వాళ్ల మనిషే. సందేహం లేదు.

"లోపలికి రండి" అన్నాడు కామేశ్వరరావు. 'నువ్వు' అన్నవాడే, 'రండి' అన్నాడు.

బైరాగి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వాడు. సీసాను కుదపకుండా, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. గోటితో మైనం గీకి, బిరడా తీసి, గ్లాసులో రెండు వేళ్ల మందాన పోశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి మింగాడు.

"పొగరింకా సావనేదు. ఇంకో రెండేళ్లు పడుకోనీండి. అప్పుడు మల్లీ వత్తాను. ఉంటే."

"ఈ సంగతి ఇంకెవరికైనా..."

"సెప్పీవోడినైతే ఎప్పుడో సెప్పుదును బాబూ."

సీసాకు మళ్లీ బిరడా బిగించాడు. అగ్గిపుల్ల వెలిగించి మైనం కరిగించాడు. పడుకోబెట్టి, ఇసుక కప్పి, గోడ పట్టుకుని లేచాడు. బస్టాండు వైపు మెల్లగా నడుచుకుంటూ పోయాడు.

"ఎక్సైజోళ్లు తాగి మరీ కేసు రాస్తారేటి?" అంది భార్య వసంతలక్ష్మి.

"నవ్వకు. మళ్లీ వస్తానన్నాడు, విన్లేదా? ఈ ఉద్యోగం పోతే మన బతుకేటి?"

కామేశ్వరరావు తొమ్మిది సీసాలూ పెరటి కాలువలో ఒంపేశాడు. పెరడంతా పండు వాసన. చేతులు కడిగినా పోని వాసన.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన తల్లి సావిత్రి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటిరా ఈ వాసన?"

అంతా చెప్పాడు. పేరు వినగానే ఆమె చేతిలో సంచి అరుగు మీద పెట్టేసింది.

"ఒక్క సీసా అయినా ఉంచావా?"

"లేదమ్మా. ఎవరతను?"



"మీ నాన్నతో కలిసి ఆ సీసాలు ఇసుకలో పెట్టింది అతనే. నీకు ఊహ రాకముందు, పాత నిషేధం రోజుల్లో మనింట్లో సీసాలు పట్టుబడితే, అవి తనవేనని ఒప్పుకుని బైరాగి ఆరు నెలలు జైలుకెళ్లాడురా; అప్పుడు నిలబడ్డ మీ నాన్న ఉద్యోగమే, ఆయన పోయాక నీకిచ్చారు."