గ్లాసుకు ఆనించిన చెయ్యి

కాఫీలు పోయి చాన్నాళ్ళయింది. ఇంటికొచ్చినవాళ్ళకు ఇప్పుడు మజ్జిగలో సుగంధ నూనె చుక్కలు వేసి ఇస్తున్నారు. తాగేముందు చేతిపట్టీని గ్లాసుకు ఆనిస్తే, మనం వేసుకునే మందులకు అది పడుతుందో లేదో చెబుతుంది. కానీ చుట్టాలింట్లో ఆనించడం మర్యాద కాదు.

వియ్యపురాలు శేషరత్నం పట్టీ ఆనించబోతే ఇందుమతి మొహం ముడుచుకుంది.

"మా ఇంట్లో కూడానా వదినగారూ? మీ మోకాళ్ళ నొప్పులకని వింటర్‌గ్రీన్ నూనె చుక్కలు నేనే వేశాను."

శేషరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉన్న నాలుగు రోజులూ పూటకో గ్లాసు తాగింది. ఆవిడ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుందని ఇందుమతికి తెలుసు. వాసన నూనె మాత్రనేం చేస్తుందిలే అనుకుంది.

ఐదో రోజు శేషరత్నానికి ముక్కులోంచి కారే రక్తం ఆగలేదు. నూనె తోడవడంతో మాత్ర ప్రభావం మితిమీరిందన్నాడు డాక్టరు. ఎవరిచ్చారని అడిగితే, "నేనే వేసుకున్నానండి" అంది శేషరత్నం.

ఆస్పత్రి మంచం దగ్గర ఇందుమతి మంచినీళ్ళు అందించింది. కమిలిపోయిన చేతిని గ్లాసు దాకా తెచ్చి, శేషరత్నం ఆగిపోయింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ," అంది.

ఇందుమతి తల దించుకుని, తనే ఆ చేతిని పట్టుకుని గ్లాసుకు ఆనించింది. వట్టి మంచినీళ్ళే. అయినా పట్టీ మీద పచ్చదీపం వెలిగేదాకా ఊపిరి బిగబట్టింది.