వేడి మీద కొలత

“అప్పుడే ఆఖరి కోతకు వచ్చేశావా? అబ్బో, నీ చెయ్యి చెయ్యి కాదమ్మా!” అని చిన్నకోడలిని మెచ్చుకుంటూ ముందుకు వెళ్ళాడు మేష్టారు.

ఇనుము చెక్కే పక్క లేత్ మిషన్ దగ్గరున్న పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. తోడికోడళ్ళిద్దరూ ఒకే రోజు ఈ లేత్ శిక్షణలో చేరారు. ఏడాదిలో తనను ఒక్కసారైనా అలా అన్నాడా? పైగా కడ్డీని సరిగ్గా కొలతకు చెక్కే ఈ పరీక్షలో నెగ్గిన ఒక్కరికే ఫ్యాక్టరీలో ఉద్యోగం.

చిన్నకోడలు లేత్ ఆపి, ఇంకా కాలుతున్న ఇనుప కడ్డీకి మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టింది. వేడి మీద ఉబ్బిన ఇనుము చల్లారితే సన్నబడుతుంది. ఆ సంగతి చెప్పబోయి, పెద్దకోడలు నోరు మూసుకుంది.

చిన్నకోడలు ఆ కొలత ప్రకారం మిగిలిన కాస్తా చెక్కేసింది.

పావుగంటకు మేష్టారు వచ్చి కొలిచి పెదవి విరిచాడు. “వెంట్రుకవాసి తక్కువైంది తల్లీ. ఇక పనికిరాదు.”

ఆయన అటు వెళ్ళగానే చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ ఇటు పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, నువ్వింకా ఆఖరి కోత వెయ్యలేదుగా? బతికిపోయావు! చల్లారాకే కొలువు. వేడి మీద కొలిచి నా కొంప నేనే ముంచుకున్నాను.”

“తెలుసు,” అనేసింది పెద్దకోడలు.

“తెలుసా? మరి ఇందాక నేను కొలుస్తుంటే...”

పెద్దకోడలు తల దించుకుంది.

చిన్నకోడలు పెద్దకోడలి కడ్డీని వేలి కొసతో తాకి చూసింది.

“ఇంకా వేడిగానే ఉంది. తొందరపడకు,” అంది.

ఈసారి ‘అక్కా’ అనలేదు.