జీడి మచ్చ

“నా కాలు నేనియ్య. జీడి పెట్టుకున్న మచ్చకు కత్తెందుకు సారూ?” అంటూ బొజ్జయ్య మడమను పంచె కిందికి లాక్కున్నాడు.

కిషన్‌లాల్ ఎదురుగా నులకమంచం మీద కూలబడ్డాడు. భద్రాచలంలోని ఒక డాక్టరు పంపిన ఆ మడమ ఫొటో చూసి, హైదరాబాదులోని తన ప్రయోగశాల నుంచి బయలుదేరిన మనిషి. పాల్వంచలో బస్సు మారి, అడవిదారిన మూడు మైళ్లు నడిచి వచ్చాడు. వాకిట్లో బూట్లు విప్పేసరికే ఓపిక అడుగంటింది.

“అది జీడి కాదన్నా. చర్మానికొచ్చే క్యాన్సర్. డాక్టరు కోసి తీసేస్తే బతుకుతవు. ఆ ముక్కల కొంచెం నాకిస్తే, నా మందు దాని మీద పనిచేస్తదో లేదో చూస్త.”

“ఏం మందది?”

“ఆ రోగపు కణంల రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయి. ఆ పట్టు విడిపిస్తే కణం దానంతటదే చస్తది. ఆ రెండింటి నడుమ దూరే మందు తయారుచేస్తున్న.”

“ఎన్నేండ్ల సంది?”

“ఎనిమిదేండ్లు.”

“ఇంక విడిపియ్యలే?”

“మా ఇద్దరి పంచాయితీ గూడ గంతే సారూ, ముప్పై ఏండ్లాయె” అంది లోపలి నుంచి బొజ్జయ్య భార్య జంపక్క.

కిషన్‌లాల్‌కు నవ్వే శక్తి లేదు. కంప్యూటరు తెరపై చక్కగా ఇమిడిన మందు, గాజుపళ్లెంలోని కణాల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేయడం అతనికి అలవాటైపోయింది.

“జీడి ఎప్పుడు పెట్టుకున్నవన్నా?”

“పోయిన వానకాలం. మడమలు పగిలినయని నల్లజీడి గింజ కాల్చి నూనె పెట్టింది ఇదే, నా పెండ్లామే.”

“మాది కల్లూరు దిక్కు తండా. జీడి సంగతి నాకెరికే. ఆ నలుపు నెల తిరిగేసరికి పొట్టుతోటి రాలిపోతది. ఏండ్లూ పూండ్లూ ఉండదు. నెలలు దాటినా ఉందంటే అది జీడి కాదు, రోగమే.”

బొజ్జయ్య చాలాసేపు మడమ తడుముకున్నాడు. “ఎండకాలం వచ్చె” అని గొణిగాడు. “సరే తీయ్. పొద్దుగాల బస్సుకు పోదాం.”

కిషన్‌లాల్ కాళ్లు మంచం మీదికి చాపి, కళ్లు మూసుకున్నాడు. మంచినీళ్ల చెంబుతో వచ్చిన జంపక్క అతని మడమ మీది నల్ల మచ్చ చూసి ఆగింది.

“మీ మడమకు గూడ జీడి పెట్టిన్రా సారూ?”

“అవ్. మా అమ్మ పెట్టింది.”

“అమ్మ తండాలనే ఉంటదా?”

“లేదక్కా. ఆమె పోయి రెండేండ్లయింది” అని, కిషన్‌లాల్ కళ్లు తెరిచాడు.