బోణీ

పాటల దుకాణం ఆవిడ షట్టరు పైకెత్తి ఫ్యాను వేసేసరికే ఆయన వచ్చి నిలబడ్డాడు.

తిన్నగా మూల అర దగ్గరికి వెళ్ళాడు.

ఆ అరలో ఎవరూ పేరు వినని బృందాల సీడీలుంటాయి. గ్యారేజీలోనో, వంటింట్లోనో రికార్డు చేసుకుని, "కాసిని ఇక్కడ ఉంచండక్కా" అని బతిమాలి పెట్టి వెళ్ళినవి. కొత్త విడుదలల కోసం ఎగబడే జనం అటు కన్నెత్తి చూడరు.

ఆయన ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"వీళ్ళకి బోణీ అయిందా అమ్మా?"

"లేదండీ. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి."

"అయితే ఇది ఇవ్వండి."

వారం వారం ఇదే వరస. అంతకుముందే ఎవరైనా కొన్నారంటే మాత్రం, తీసినదాన్ని తీసిన చోటే పెట్టేసేవాడు.

ఎవరి దగ్గరా లేనిదే కావాలి కాబోలు, మంచి చెవి ఉన్న మనిషి, అనుకుంది దుకాణం ఆవిడ. మనసులో ఆయనకు 'మూలాయన' అని పేరు కూడా పెట్టుకుంది.

ఆయన వెళ్ళగానే బృందం వాళ్ళకు ఫోన్ చేసేది.

"మీది ఒకటి పోయింది."

"నిజంగానా అక్కా?" అని మళ్ళీ మళ్ళీ అడిగేవారు.

ఇంతకీ అందులో ఏముందో అని, ఆయన కొన్న బృందాల పాటలే ఆమె కూడా దుకాణంలో పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. మొదట్లో చెవికెక్కలేదు. తర్వాత వదల్లేదు.

ఒకతని గొంతు బిందెలోంచి వచ్చినట్టుండేది. ఒకమ్మాయి గిటారు పట్టుకుని, పక్కనున్నవాళ్ళు నిద్రలేస్తారేమోనన్నట్టు మెల్లగా పాడేది. ఇన్నేళ్ళూ పాటల్ని సబ్బుబిళ్ళల్లా అమ్మిన మనిషి, ఇప్పుడు దుమ్ము తుడుస్తూ తుడుస్తూ గుడ్డ చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయేది.

"ఎవరండీ పాడింది?" అని కొనడానికి వచ్చినవాళ్ళు అడగసాగారు. మూల అర కాస్తా గుమ్మం పక్కకి వచ్చింది.

అంతా మూలాయన చలవే అనుకుందామె. ఒకరోజు హెడ్‌ఫోన్ తీసి ఆయనకు అందించింది.

"ఇది వినండి. రెండో పాట. మీకు తెగ నచ్చుతుంది."

ఆయన వేడిగిన్నె అందించినట్టు వెనక్కి జరిగాడు.

"వద్దమ్మా. మీరు విన్నారుగా, చాలు."

మొహమాటం అనుకుంది.

ఆ వర్షాకాలంలో ఆయన గొడుగు మరిచిపోయి వెళ్ళాడు. ఇల్లు వెనక వీధే కదా అని తనే పట్టుకెళ్ళింది.

తలుపు తీసే ఉంది. ఆయన లోపలికి రమ్మన్నాడు. ముందుగదిలో గోడ పొడుగునా సీడీలే. ఒక్కదానికీ పైకాగితం చించలేదు. పాట వినే యంత్రమన్నది చూసినంతలో ఎక్కడా లేదు.

"ఇవేవీ వినరా మీరు?"

"వినను."

"మరెందుకు కొంటారు?"

ఆయన గొడుగు అందుకుని గోడకు ఆనించాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన చెవిని నమ్ముకుని ఊరందరికీ చెప్పుకున్న తను ఎంత వెర్రిదో అనిపించింది.

"వినని ఇంట్లో ఇవి మూగగా పడుండటం దేనికండీ? వినేవాళ్ళ కోసం వదిలేయండి."

"మీరన్నదీ నిజమేనమ్మా," అన్నాడాయన.

మళ్ళీ దుకాణానికి రాలేదు.

వెళ్ళి పలకరిద్దామని చాలాసార్లు అనుకుంది. ముందు కోపం అడ్డొచ్చింది, తర్వాత సిగ్గు అడ్డొచ్చింది. రోజులు గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆ గిటారు అమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా ఆమె పాటే.

"అక్కా, నా మొదటి సీడీ కొన్నది ఎవరు?"

"ఎందుకమ్మా?"

"మీరు ఫోన్ చేసినప్పుడు నేను గిటారు ఎవరికో ఇచ్చేద్దామని గుమ్మం దాటుతున్నాను. ఒకటి పోయింది అన్నారు. ఎక్కడో ఒకరైనా వింటున్నారు కదా అని వెనక్కి తిరిగాను. ఆ మనిషిని ఒకసారి చూడాలి."

దుకాణం ఆవిడ కౌంటరు సొరుగు మూసింది. ఆయన వినలేదని ఈ పిల్లకు ఎలా చెప్పడం? ఆయనతో తను అన్న మాట ఏ నోటితో చెప్పడం?

"పద, నేనూ వస్తాను," అంది.

ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"అన్నయ్య పోయాడమ్మా. ఈమధ్యే. నేను ఇల్లు సర్దడానికి వచ్చాను."

ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. పెద్దావిడ వాళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

గోడవార సీడీలు అలాగే ఉన్నాయి. అమ్మాయి వెతికి వెతికి తనది తీసుకుంది. చించని పైకాగితాన్ని వేలితో తడిమి చూసింది.

"నా పాట వినలేదా ఆయన?"



"ఎవరి పాటా వినేవాడు కాదమ్మా, తట్టుకోలేకపోయేవాడు," అంది పెద్దావిడ అమ్మాయి పక్కన కూర్చుంటూ. "వయసులో ఉన్నప్పుడు తనూ ఒక రికార్డు చేసి దుకాణంలో పెట్టాడు, ఒక్కటైనా పోయిందా అని రోజూ సాయంత్రం వెళ్ళి అడిగేవాడు, ఒక్కటీ పోలేదు, ఆ తర్వాత మళ్ళీ పాడలేదు."