రెండు వేళ్ల సందు

వంటగది తలుపు లోపలికి తెరుచుకుంటుందన్న సంగతి, తలుపు మూసుకుని దాని వెనకాలే రెడీమేడ్ కబోర్డు గోడకి బిగించేశాక గానీ ఆయనకి గుర్తు రాలేదు. ఇప్పుడు ఎంత లాగినా రెండు వేళ్ల సందే వస్తోంది. విప్పుదామంటే డ్రిల్లులో ఛార్జి కాస్తా అయిపోయింది.

"కార్పెంటరు దండగ, నేను చాలనుకున్నారుగా!" అంది తలుపు అవతల్నించి భార్య.

"దెప్పకు. ఛార్జింగు పెట్టా. గంటలో బయటికొస్తా."

"ఈలోగా ఓ కాఫీ పెట్టండి మరి."

ఉడుకుమోత్తనంతో స్టవ్వు వెలిగించాడు. పాలు పొంగేలోపే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఇదేంటే, ఇక్కడ గాలే ఆడట్లేదు!"

"ఆడదండీ."

"ఎప్పట్నించి?"

"నేను కాపురానికొచ్చినప్పట్నించి."

జేబులోంచి సామాన్ల చీటీ తీశాడు. అందులో ఆవిడ అడిగింది ఒక్కటే, ఎగ్జాస్టు ఫ్యాను. దాని పక్కన 'దండగ' అని రాసింది తనే.

"కాఫీ అయిందా?"

సందులో కప్పు పట్టలేదు. చీటీ మాత్రం మెల్లగా బయటికొచ్చింది.

'దండగ' కొట్టేసి ఉంది.